అమ్మ కూనిరాగం ఎవరిది?

ప్రశ్న: మా అమ్మ కువైట్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి వచ్చింది. వంట చేస్తూ ఓ అరబ్బీ పాట కూనిరాగం తీస్తుంది. ‘ఇన్త ఉమ్రీ’ అన్న ముక్క తప్ప మాటలు రావు. ఆ ఇంటి పెద్దావిడ గురువారం రాత్రుళ్లు ఆ ఒక్క పాటే గంటసేపు వినేదట. ఎవరిదా పాట? గంటసేపు ఎలా పాడతారు?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఉమ్ కుల్సూమ్ పాట అండీ అది. ఈజిప్టు గాయని. ‘నువ్వే నా జీవితం’ అని అర్థం. 1964లో మహమ్మద్ అబ్దుల్ వహాబ్ బాణీ కట్టారు. గురువారం అన్నారే, దానికో కారణం ఉంది. నెలలో మొదటి గురువారం రాత్రి కైరోలో ఆవిడ కచేరీని రేడియోలో నేరుగా వినిపించేవారు. ఆ వేళకి అరబ్బు దేశాల్లో జనం రేడియోల ముందు చేరిపోయేవారు.

నేనీ పాట మొదట విన్నది దోహా నుంచి వచ్చిన మా శిష్యుడి తండ్రి ఇచ్చిన క్యాసెట్టులో. ఒకవైపు అయిపోయినా పాట అవలేదు. తిప్పి వేస్తే మళ్లీ అదే పంక్తి! కానీ పాడిన తీరు వేరు. మన కచేరీల్లో ఒక్క పాదాన్నే పట్టుకుని, రకరకాలుగా అల్లుతూ నెరవు చేస్తారు చూడండి, నాకు అదే గుర్తొచ్చింది. శ్రోతలు ‘మళ్లీ’ అని అరిస్తే ఆవిడ ఆ పంక్తికే వెనక్కి వచ్చి కొత్త సంగతి వేస్తుంది. ఊద్, ఖానూన్ అనే అరబ్బీ తీగవాద్యాలు, వయొలిన్లు ఆవిడ వెంటే నడుస్తాయి. అలా విని మైమరచిపోవడాన్ని వాళ్లు ‘తరబ్’ అంటారు. అందుకే కచేరీ కచేరీకీ పాట నిడివి మారిపోయేది.

నన్ను కదిలించేది ఆవిడ బాల్యం. నైలు డెల్టాలో పల్లెటూరు. తండ్రి మసీదులో ఇమాం, పెళ్లిళ్లలో భక్తిగీతాలు పాడి నాలుగు డబ్బులు తెచ్చేవాడు. ఆడపిల్ల నలుగురిలో పాడితే ఊరేమంటుందోనని మగపిల్లాడి బట్టలు తొడిగి పాడించాడు. చిన్నప్పుడు నేర్చిన ఖురాన్ పఠనమే ఆవిడ ఉచ్చారణకు పునాది. ఒక్క అక్షరం నలగదు.

1967లో ఇజ్రాయెల్‌తో యుద్ధంలో ఈజిప్టు ఓడాక ఊరూరా, ప్యారిస్‌లో కూడా పాడి, వచ్చిన డబ్బు దేశానికిచ్చింది. 1975 ఫిబ్రవరి 3న కన్నుమూసింది. అంతిమయాత్రలో జనం శవపేటికను లాక్కుని తమ భుజాల మీద కైరో వీధుల్లో మోసుకెళ్లారు.

ఆవిడ ‘ఇన్త ఉమ్రీ’ పాడిన కచేరీ రికార్డింగు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది. మొదట చాలాసేపు వాద్యాలే వస్తాయి, ముందుకు జరపకండి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆవిడ కూనిరాగం ఏ పంక్తి దగ్గర కలుస్తుందో నాకు రాయండి.