ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా మగపిల్లవాడిని చిన్న బడిలో వేయొచ్చా? నా అనుభవం

బాబుకు పదకొండేళ్లు, ఆరో తరగతికి వస్తున్నాడు, ఒక్కచోట కుదురుగా కూర్చోడు, మగపిల్లలే ఉండే ఒక చిన్న బడిలో చేతిపనులతో కలిపి చదువు చెప్తారట, అక్కడ వేస్తే వెనకబడిపోతాడా అని అడిగారు. వెనకబడడు. నేను లెక్కల సారును, ఉమ్మడి పాలమూరు జిల్లావాడిని, అచ్చంపేట వైపు అలాంటి బడిలోనే ఆరేళ్లు పనిచేశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. మూడు తరగతులూ కలిపి 38 మంది పిల్లలు, ముగ్గురం సార్లం, వంటకు ఒక అమ్మ. అంతే మా బడి.

ఆ వయసు మగపిల్లవాడికి బుర్ర కంటే ముందు చేతులు ఊరుకోవు. చేతులకు పని లేకపోతే పక్కవాడి వీపు మీదికి పోతాయి. దాన్ని అల్లరి అని పేరు పెట్టి, డైరీలో ఎర్ర సిరాతో రాసి, తండ్రిని పిలిపించి, ఇంత తతంగం చేస్తారు గానీ వాడి చేతికి ఒక టేపు, ఒక రంపం ఇచ్చి చూడరు.

ఒక్క సంగతి చెప్తాను. మాకు వంట షెడ్డు లేదు, వానొస్తే అమ్మ వరండాలో పొయ్యి పెట్టుకునేది. సరే, మనమే కట్టుకుందాం, పునాది దాకా పిల్లలు చేస్తారు, గోడలకు మనిషిని పెట్టుకుందాం అనుకున్నాం. 12 అడుగులు, 16 అడుగుల గది. ఏడో తరగతి పిల్లలు గూటాలు కొట్టి, సుతిలి కట్టి, డబ్బాకు చిల్లులు పెట్టి సున్నంతో ముగ్గు పోశారు. చూడ్డానికి బాగానే ఉంది. ఆ రోజే ఒక పిల్లవాడి నాన్న పూణె నుంచి సంక్రాంతికి వచ్చినవాడు కొడుకును దిగబెట్టడానికి బడికి వచ్చాడు. కొడుకు చేతిలో గడ్డపార చూశాడు, అంతే, అందరి ముందరే నన్ను నిలదీశాడు. "నేను మట్టి పని జేసి వీన్ని సదివిస్తుంటే మీరు గూడ మట్టి పనే నేర్పుతరా సారూ?" అన్నాడు. మా జిల్లా నుంచి తరాల తరబడి బొంబాయికీ పూణెకూ పనికి పోయిన ఇళ్లల్లో ఈ మాట వెనక ఎంత కడుపుమంట ఉంటుందో నాకు తెలుసు, అందుకే జవాబు చెప్పలేకపోయాను.

ఆయన వెళ్లిపోబోతూ ముగ్గు దగ్గర ఆగాడు. కాసేపు చూశాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి "ఐమూల కొలిసిండ్రా?" అని అడిగాడు. ఎవరూ కొలవలేదు. నేనూ చెప్పలేదు. ఐమూల అంటే ఈ మూల నుంచి ఎదురు మూలకు దూరం, టేపు పట్టిస్తే 20 అడుగుల 6 అంగుళాలు వచ్చింది, రెండో ఐమూల 19 అడుగుల 6 అంగుళాలకు కొంచెం తక్కువ. రెండూ సమానంగా రావాలి, రాలేదంటే గది మొత్తం ఒక పక్కకు ఒరిగిపోయినట్టే. ఆయన ఏమీ అనకుండా ఒక గూటం పీకి కూర్చున్నాడు. గోళ్లు సిమెంటుకు అరిగి పగిలిపోయిన చేతులు, బొటనవేలికి సుతిలి రెండు చుట్లు చుట్టి లాగి పట్టుకుని, "వేలుతోని మీటితే టంగుమనాలె, లేకుంటే అది లైను గాదు" అన్నాడు. మూల నుంచి ఒక దారం మీద మూడు అడుగులకు గుర్తు, రెండో దారం మీద నాలుగు అడుగులకు గుర్తు, ఈ రెండు గుర్తుల మధ్య ఐదు అడుగులు వచ్చేదాకా దారం జరపమన్నాడు కొడుకును. వాడు అంగుళం అంగుళం జరుపుతూ పోయాడు, మిగతా పిల్లలు టేపు మీద తలకాయలన్నీ వేసి చూస్తున్నారు, ఐదు రాగానే ఒక్కసారి అరిచారు. నాలుగు మూలలూ అలాగే సరిచేశాక ఐమూలలు కొలిస్తే రెండూ సరిగ్గా 20.

నేను అప్పుడు నల్లబల్ల బయటికి తెప్పించి మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాళ్లు పదహారు, కలిపితే ఇరవై అయిదు, అంటే అయిదైదులు అని రాశాను. పన్నెండు, పదహారు, ఇరవై కూడా అదే లెక్క నాలుగింతలైందని కనిపెట్టింది నేను కాదు, ఆ పిల్లవాడే. పదో తరగతి దాకా పైథాగరస్ సిద్ధాంతాన్ని నిరూపణతో సహా వల్లించి, మూలమట్టం చేతికిస్తే ఏం చేయాలో తెలియని పిల్లలను నేను ఇంతకుముందు బడుల్లో వందమందిని చూశాను.

ఇంకొకటి. ఆ పిల్లవాడు చేరేటప్పుడు ఫారంలో తండ్రి పని దగ్గర "బిజినెస్" అని రాశాడు. జూన్‌లో కొత్త ఫారం నింపినప్పుడు "మేస్త్రి, పూణె" అని రాశాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. తండ్రి మాత్రం పోయేటప్పుడు "పని నేర్పుండ్రి గానీ ఇంగ్లీషు గూడ నేర్పుండ్రి సారూ" అన్నాడు, అది న్యాయమైన మాట, మా బడిలో ఇంగ్లీషు నిజంగానే బలహీనం. మీరు వెళ్లినప్పుడు ఇంగ్లీషు సారు ఎవరో, ఎన్నేళ్లుగా ఉన్నారో అడగండి.

మగపిల్లలే ఉండటం గురించి. దాని మంచి గురించి అందరూ చెప్పేది ఒకటి, నేను చూసింది వేరు. ఆడపిల్లలు కలిసి ఉన్న బడుల్లో నేను పనిచేశాను, అక్కడ వరండా ఊడ్చేది ఆడపిల్లలు, ముగ్గు వేసేది ఆడపిల్లలు, అతిథి వస్తే చాయ్ కప్పులు కడిగేది ఆడపిల్లలు, మగపిల్లలు బెంచీలు మోసి హీరోలవుతారు. ఇది ఎవరికీ తప్పనిపించదు, టీచర్లకు కూడా. మా బడిలో ఆ పనులు తోసేయడానికి ఆడపిల్ల లేదు. కాబట్టి ఊడ్చేదీ వాళ్లే, గిన్నెలు తోమేదీ వాళ్లే, గుండీ ఊడితే కుట్టుకునేదీ వాళ్లే. జొన్న రొట్టె చేత్తో కొట్టడం ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అందరికీ వచ్చేది. నన్నడిగితే మగపిల్లల బడికి ఇంతకు మించిన లాభం లేదు, ఈ పని చేయించని మగపిల్లల బడి అయితే మామూలు బడిలోనే వేయండి.

నష్టమూ ఉంది. మగపిల్లలే ఉన్నచోట బలమున్నవాడి రాజ్యం తొందరగా వస్తుంది, చిన్నవాళ్లను ఏడిపిస్తారు, మారుపేర్లు పెడతారు. 38 మంది కాబట్టి మాకు రెండో రోజుకే తెలిసిపోయేది, ఎవడు అన్నం సరిగా తినలేదో, ఎవడి చొక్కా చిరిగిందో. మూడు వందల మంది ఉంటే తెలియదు.

మరి చట్టంలో ఇదంతా లేదా అంటే ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మంది దాటితే పని విద్యకు, అంటే చేతిపనులు నేర్పడానికి, పార్ట్ టైం బోధకులు ఉండాలి. అంతకు తక్కువున్న బడికి ఆ లెక్క వర్తించదు, అదే నాకు కోపం. ఇక పెద్ద బడుల్లో నేను చూసినంతవరకు ఆ పని విద్య పీరియడ్ లెక్కలకో సైన్సుకో పోతుంది. గాంధీ గారు 1937లో వార్ధాలో చేతిపని ద్వారా చదువు అన్నారు, ఇన్నేళ్లకు మనం ఆరో తరగతి పిల్లవాడికి ఐఐటీ ఫౌండేషన్ అని పుస్తకాల బస్తా మోయిస్తున్నాం, ఆట స్థలం లేని నాలుగంతస్తుల బిల్డింగులో. పక్క ఉమ్మడి నల్గొండ జిల్లాలో 1971లో పీవీ నరసింహారావు గారి చొరవతో సర్వేల్ గురుకులం మొదలైంది, పల్లెటూరి పిల్లల బడి, ఎంత పేరు తెచ్చుకుందో మీకు తెలిసే ఉంటుంది. ఊరి మధ్య బడి పెడితే చదువు రాదన్నవాళ్లకు నేను ఎప్పుడూ దాన్నే చూపిస్తాను.

మీరు బాబును చేర్చే ముందు ఒక పనిచేయండి. చెప్పకుండా ఉదయం పదకొండు గంటలకు పోయి, పిల్లల పని నోటుబుక్కు ఒకటి తీసి చూడండి. అందులో కొలతలు, లెక్క, తప్పు వస్తే కొట్టేసి మళ్లీ రాసింది కనిపించాలి. అవేమీ లేకుండా ఊరికే తోటలో కలుపు తీయిస్తున్నారంటే అది పని నేర్పడం కాదు, కూలి మిగుల్చుకోవడం, వెంటనే తిరిగి వచ్చేయండి. అన్నం తిన్నాక కంచాలు ఎవరు కడుగుతున్నారో కూడా చూడండి, ఏడుస్తున్న చిన్నపిల్లవాడు ఉంటే సారుకు వాడి పేరు తెలుసో లేదో చూడండి.

మీది ఏ మండలమో రాయలేదు. రాస్తే అటువైపున్న నా పాత తోటి సార్లను అడిగి ఆ బడి సంగతి కనుక్కుని చెప్తాను.