అన్నయ్య ఫొటోతో నిరసనకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అన్నయ్య సైన్యంలో పనిచేస్తూ యుద్ధంలో చనిపోయి మూడేళ్లయింది. అసలా యుద్ధమే తప్పని నా అభిప్రాయం. ఈసారి సంస్మరణ దినం నాడు యుద్ధానికి వ్యతిరేకంగా ర్యాలీ జరుగుతోంది. అన్నయ్య ఫొటో పట్టుకుని అందులో నడుస్తానని ఇంట్లో చెప్పాను. “వాణ్ణి రెండోసారి చంపుతున్నావు” అని నాన్న నాతో మాటలు మానేశారు. ఫొటో బయటికి తీస్తే ఊరుకోనని వదిన తెగేసి చెప్పింది. వాళ్ల బాబుకి ఏడేళ్లు. అమ్మ ఎటూ చెప్పలేక ఏడుస్తోంది. నిరసన తెలపడం నా హక్కు కాదా? నేను చేస్తున్నది అన్నయ్యను అవమానించడమేనా? – ఒక చెల్లెలు

జవాబు: హక్కు సంగతి తేలికైనది కాబట్టి ముందు అది చూద్దాం. మీకు హక్కుంది. యుద్ధం తప్పని చెప్పడానికి ఇంట్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు, సైనికుడి చెల్లెలు అయినంత మాత్రాన ఆ హక్కు తగ్గిపోదు. అయితే మీ ఉత్తరంలో రెండు వేర్వేరు పనులు ఒకటిగా కలిసిపోయాయి. ర్యాలీకి వెళ్లడం ఒకటి, అన్నయ్య ఫొటోతో వెళ్లడం ఇంకొకటి. మొదటిది పూర్తిగా మీ ఇష్టం. రెండోదానిలో వదినకూ బాబుకూ అమ్మానాన్నలకూ మీతో సమానంగా, ఒక్కోసారి మీకంటే ఎక్కువగా వాటా ఉంది. ఇంట్లో గొడవ చాలావరకు ఈ రెండోదాని గురించే. మీరు మాత్రం మొదటిదానికి జవాబు చెబుతూ వాదిస్తున్నారు.

చట్టం ఒప్పుకుంటే చాలు అనుకోకూడదు అనడానికి అమెరికాలో బాగా తెలిసిన కేసు ఒకటుంది. 2006లో ఇరాక్‌లో చనిపోయిన ఒక అమెరికన్ మెరైన్ సైనికుడి అంత్యక్రియల రోజున వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి వాళ్లు, సైనికుల చావులు దేవుడు వేసిన శిక్ష అంటూ ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. పోలీసులకు ముందే చెప్పారు, అంత్యక్రియలు జరిగే చర్చికి దాదాపు వెయ్యి అడుగుల దూరంలో ఉన్నారు. ఆ అబ్బాయి తండ్రికి దారిలో ప్లకార్డుల పైఅంచులు మాత్రమే కనిపించాయి. వాటి మీద ఏం రాశారో ఆయనకు ఆ రాత్రి టీవీ వార్తల్లో తెలిసింది. ఆయన కోర్టుకెళ్లారు. చివరికి 2011లో సుప్రీంకోర్టు 8–1 తీర్పుతో ఆ నిరసనకారులకు రక్షణ ఉందని చెప్పింది. మరుసటి ఏడాది చట్టసభ సైనిక అంత్యక్రియలకు ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు, 300 అడుగుల లోపల నిరసనలు కూడదని చట్టం చేసింది. మాటను ఆపలేదు, సమయాన్నీ దూరాన్నీ కొలిచి గీత గీసింది. మీ ఇంట్లో రాజీ కూడా దాదాపు ఇదే దారిలో కుదురుతుంది. కాకపోతే ఆ కేసు నుంచి మీరు గమనించాల్సింది మరొకటి ఉంది. ఆ తండ్రి గాయపడింది దూరం చాలక కాదు, తన కొడుకు చావును ఎవరో తమ వాదనకు సాక్ష్యంగా వాడుకున్నందుకు. దూరం పాటించినంత మాత్రాన ఆ గాయం తగలకుండా పోదు.

ఇప్పుడు నాన్నగారి మాట. “రెండోసారి చంపుతున్నావు” అన్నది రాజకీయ అభిప్రాయం కాదు. “యుద్ధం తప్పు” అని మీరు అన్నప్పుడల్లా ఆయన చెవికి “నీ కొడుకు ఊరికే పోయాడు” అని వినిపిస్తోంది. మూడేళ్లుగా ఆయన్ని నిలబెట్టిన ఆసరా అదొక్కటే అయి ఉండొచ్చు: వాడి చావుకు ఒక అర్థం ఉంది అన్నది. దాన్ని లాగేస్తే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది? అందుకే మీ గణాంకాలు, మీ వాదనలు ఆయన మీద పనిచేయవు. యుద్ధం మొదలుపెట్టింది ప్రభుత్వం, ఆ నిర్ణయానికి జవాబు చెప్పాల్సిందీ ప్రభుత్వమే. తోటివాళ్లను వదలకుండా చివరిదాకా నిలబడింది మాత్రం అన్నయ్య. ఈ రెండింటినీ మీరు మనసులో విడదీసుకున్నారు. ఆయన విడదీయలేదు. విడదీసి చూపించాల్సింది మీరే. దానికి ర్యాలీ వేదిక కాదు, ఇల్లే.

ఎలా మాట్లాడాలి? సంస్మరణ దినానికి కనీసం రెండు వారాల ముందు, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, పావుగంటకు మించకుండా. మొదటి మాట యుద్ధం గురించి రానే కూడదు. అన్నయ్య గురించి, మీ ఇద్దరికే తెలిసిన విషయం ఒకటి చెప్పండి. తర్వాత ఇలా అనొచ్చు: “నాన్నా, అన్నయ్య చేసిన పనిని నేను తక్కువ చేయడం లేదు. వాణ్ణి అక్కడికి పంపిన నిర్ణయం సరైనది కాదని నా నమ్మకం. మీరు ఒప్పుకోవాలని అడగడం లేదు. నేను ఏం చేస్తానో, ఏం చేయనో మీకు ముందే చెప్పాలని వచ్చాను.” ఆ తర్వాత ఆపేయండి. ఆయన కోప్పడితే కోప్పడనివ్వండి, అప్పటికప్పుడు జవాబు చెప్పొద్దు. లేచి వెళ్లిపోతే వెనకాల వెళ్లొద్దు. అవే మాటలు అరపేజీ ఉత్తరంగా, మీ చేతిరాతతో రాసి ఆయన బల్ల మీద పెట్టండి. మాటలు మానేసిన తండ్రులు ఉత్తరం మాత్రం చదువుతారు, చదివామని చెప్పకపోయినా.

నోటికి రాకూడని మాటలు రెండు. ఒకటి “ఊరికే ప్రాణం పోగొట్టుకున్నాడు”. రెండోది “అన్నయ్య ఉంటే నాతోనే వచ్చేవాడు”. చనిపోయినవాళ్ల తరఫున మాట్లాడటం ఇటువైపూ జరుగుతుంది, అటువైపూ జరుగుతుంది. “వాడు నిన్ను చూస్తే సిగ్గుపడేవాడు” అని నాన్నగారు అంటే అదీ అలాంటిదే. ఎవరూ రుజువు చేయలేని మాట కాబట్టి దానికి అంతం ఉండదు. అన్నయ్య నిజంగా ఉత్తరంలోనో మెసేజ్‌లోనో ఏదైనా రాసి ఉంటే అది వేరే సంగతి. అది కూడా ఎవరికి రాశాడో వాళ్ల అనుమతితోనే, ఇంటి నాలుగు గోడల మధ్యే చూపించాలి.

ఫొటో విషయానికి వద్దాం. నా సలహా సూటిగా చెబుతాను: వదిన వద్దంటే ఫొటో వద్దు, పేరు కూడా వద్దు. మనసులో పెట్టుకుని నడవండి. మీకిది కష్టంగా అనిపిస్తుందని తెలుసు. కానీ ఇలాంటి చోట ఏం జరుగుతుందో ఉదాహరణలున్నాయి. ఇరాక్ యుద్ధ కాలంలో అక్కడ చనిపోయిన సైనికుల పేర్లన్నీ అచ్చేసి, పైన యుద్ధ వ్యతిరేక నినాదంతో టీషర్టులు అమ్మిన ఒక వ్యాపారి ఉన్నాడు. పేర్లు చూసుకున్న కుటుంబాలు మండిపడ్డాయి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం 2007లో అలాంటి అమ్మకాన్ని నేరంగా చేస్తూ చట్టం తెచ్చింది. అది రాజకీయ భావప్రకటనే కాబట్టి అతని మీద ఆ చట్టం చెల్లదని ఫెడరల్ కోర్టు చెప్పింది. కోర్టు అతని పక్షాన ఉన్నా, కుటుంబాల దృష్టిలో అది తమ బిడ్డల పేర్లతో చేసిన వ్యాపారమే. 2005లో సిండీ షీహన్ అనే తల్లి, ఇరాక్‌లో చనిపోయిన తన కొడుకు కోసం టెక్సాస్‌లో అధ్యక్షుడు బుష్ ఫామ్‌హౌస్ దగ్గర శిబిరం వేసింది. అక్కడ చనిపోయినవాళ్ల పేర్లతో శిలువలు నాటారు. వేరే సైనికుడి తండ్రి ఒకాయన వచ్చి తన కొడుకు పేరున్న శిలువను పీకి తీసుకెళ్లిపోయాడు. ఆ తల్లి తన కొడుకు తరఫునే మాట్లాడుతున్నా, ఆమె భర్త తరఫు బంధువులు ఆమెతో తాము ఏకీభవించడం లేదని ప్రకటన ఇచ్చారు. ఒకే చావుకు ఒకే ఇంట్లో రెండు అర్థాలు ఉండొచ్చు, రెండూ ప్రేమలోంచి వచ్చినవే కావచ్చు. ఏ అర్థమూ మిగతావాళ్ల అనుమతి లేకుండా వీధిలోకి వెళ్లకూడదు. ఈ నియమం నాన్నగారికీ వర్తిస్తుంది. యుద్ధాన్ని సమర్థించే సభలో ఎవరైనా అన్నయ్య ఫొటో పెట్టాలంటే మీకు కూడా అడ్డు చెప్పే హక్కు ఉంటుంది. ఈ మాట ఆయనతో చెప్పండి. న్యాయంగా ఉందని ఆయనకే అనిపిస్తుంది.

ఆ రోజు ఎలా గడపాలన్నది ఇక పెద్ద చిక్కేం కాదు. ఉదయం స్మారక స్తూపం దగ్గర కార్యక్రమానికి చెల్లెలిగా వెళ్లండి. బ్యాడ్జీ, రాతలున్న టీషర్టు, ప్లకార్డు ఏవీ వద్దు. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది ఏ వాదనా వినే స్థితిలో ఉండరు, తమవాళ్ల పేరు చదివే క్షణం కోసం ఎదురుచూస్తుంటారు. పుష్పగుచ్ఛం పెట్టేటప్పుడు కార్డు మీద పేరు, మీ బంధం, అంతే. మౌనం పాటించడం అంటే యుద్ధాన్ని ఒప్పుకోవడం కాదు. ఇది మీకు మీరు చెప్పుకోండి, మీ స్నేహితులకూ చెప్పండి. కొందరు ఉద్యమకారులు దీన్ని రాజీ అంటారు, వాళ్ల మాట పట్టించుకోకండి.

యుద్ధాన్ని వ్యతిరేకిస్తూనే చనిపోయినవాళ్లను గౌరవించడం మీరు కొత్తగా మొదలుపెట్టినదేమీ కాదు. బ్రిటన్‌లో యుద్ధంలో చనిపోయిన సైనికుల గుర్తుగా ఎర్ర పాపీ (గసగసాల) పువ్వు పెట్టుకుంటారు. 1933లో కోఆపరేటివ్ విమెన్స్ గిల్డ్ అనే మహిళా సంఘం శాంతికి గుర్తుగా తెల్ల పాపీని తెచ్చింది. ఆ సంఘంలో చాలామంది మొదటి ప్రపంచ యుద్ధంలో భర్తనో కొడుకునో తమ్ముణ్ణో పోగొట్టుకున్నవాళ్లే. ఎర్ర పాపీ పెట్టుకునేవాళ్లు దాన్ని అవమానంగా చూశారు, ఇప్పటికీ కొందరు అలాగే చూస్తారు. కొందరు మాత్రం రెండూ కలిపి పెట్టుకుంటారు.

మధ్యాహ్నం ర్యాలీ. ఒప్పుకునే ముందు నిర్వాహకులను నాలుగు విషయాలు అడగండి: ఎన్నింటికి మొదలు, ఏ దారిన, ఏ నినాదాలు, దారి తప్పినవాళ్లను ఆపే వలంటీర్లు ఎంతమంది. 2023 నవంబర్ 11న, అంటే బ్రిటన్‌లో యుద్ధ మృతులను స్మరించుకునే రోజున, గాజా యుద్ధానికి వ్యతిరేకంగా లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో నిర్వాహకులు ఉదయం 11 గంటలకు పాటించే మౌనం ముగిశాకే బయల్దేరేలా, సెనోటాఫ్ స్మారకం వైపు పోకుండా దారి పెట్టుకున్నారు. ఆ రోజు సెనోటాఫ్ దగ్గర పోలీసులతో కలబడింది వేరే గుంపు, స్మారకాన్ని కాపాడతామంటూ వచ్చినవాళ్లు. కాబట్టి మీ వాళ్లు ఎంత పద్ధతిగా ఉన్నా అవతలి గుంపు ఎక్కడుంటుందో కూడా తెలుసుకోండి, ఒంటరిగా ఆ వీధిలోకి వెళ్లకండి. నినాదాల జాబితాలో సైనికులను హంతకులనే మాట ఒక్కటి ఉన్నా ఆ ర్యాలీ మీది కాదు, మానేయండి. జాబితాలో లేకుండా పక్కనే ఎవరైనా అలాంటి ప్లకార్డు ఎత్తితే పక్కకు జరగండి. వాదించడానికి ఆగితే అదే ఫ్రేములో మీ ఫొటో పడుతుంది, సాయంత్రానికి వదిన ఫోనులో ఉంటుంది.

విలేకరుల విషయంలో జాగ్రత్త. “అమరుడి చెల్లెలు” అన్న శీర్షిక వాళ్లకు చాలా కావాలి, మీరు చెప్పిన మిగతా మాటలు దాని కింద కొట్టుకుపోతాయి. ఒక్క వాక్యం ముందే సిద్ధం చేసుకోండి: “నేను నా తరఫున మాత్రమే వచ్చాను, మా కుటుంబం గురించి మాట్లాడను.” పదిసార్లు అడిగినా అదే చెప్పండి. ఆ రోజు, మర్నాడు సోషల్ మీడియాలో ఏమీ పెట్టొద్దు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో బంధువులెవరైనా కవ్విస్తే జవాబు ఇవ్వొద్దు.

ఇంత చేసినా కొందరికి కోపం రావచ్చు. 2016లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కోలిన్ కేపర్నిక్ నల్లజాతివారిపై జరుగుతున్న అన్యాయాలకు నిరసనగా జాతీయ గీతం సమయంలో కూర్చుండిపోయాడు. నేట్ బోయర్ అనే మాజీ సైనికుడు అతనితో మాట్లాడాక కూర్చోవడం మాని మోకాలి మీద వంగడం మొదలుపెట్టాడు. చనిపోయిన సహచరుడి సమాధి దగ్గర సైనికులు వంగేది అలాగేనని బోయర్ చెప్పాడు. నిరసన ఆగలేదు, దాని రూపం మాత్రం గాయపడేవాళ్లతో మాట్లాడి మార్చుకున్నది. అయినా తిట్లు ఆగలేదు. అందరి మెప్పూ పొందే నిరసన అంటూ ఉండదు. మీరు చూసుకోవాల్సింది, గాయపడినవాళ్లు మీరు నిజంగా చేసినదానికి గాయపడ్డారా, చేయనిదానికా అన్నదే.

నాన్నగారి గురించి ఇంకో మాట. చావు జరిగి ఏడాది దాటాక కూడా దుఃఖం దాదాపు రోజూ అంతే తీవ్రంగా ఉండి, నిద్ర, తిండి, పని కుంటుపడితే దాన్ని దీర్ఘకాల శోక సమస్యగా మనోవైద్యులు గుర్తిస్తారు. దానికి చికిత్స ఉంది. ఆయన గానీ అమ్మ గానీ అలా ఉన్నారనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఈ గొడవ దానికి కారణం కాకపోవచ్చు, బయటపడటానికి దారి అయి ఉండొచ్చు.

వీటన్నిటికంటే ముందు వదినకు ఫోన్ చేయండి, నాన్నగారితో మాట్లాడటం ఆ తర్వాతే. ఫొటో వాడనని, పేరు చెప్పనని, విలేకరులతో మాట్లాడనని మొదటి నిమిషంలోనే చెప్పేయండి. బేరం పెట్టొద్దు. “నువ్వు ర్యాలీకి ఒప్పుకుంటే ఫొటో మానేస్తాను” అన్నారంటే ఇచ్చినదాని విలువ పోతుంది. బాబుకి ఏం చెప్పాలో కూడా ఆమెనే అడగండి. స్కూల్లో ఎవరో ఒకరు “మీ అత్త టీవీలో కనిపించింది” అంటారు. అప్పుడు వాడికి చెప్పడానికి ఇద్దరూ కలిసి ఒక్క వాక్యం అనుకోండి: “అత్తకి నాన్నంటే చాలా ఇష్టం, యుద్ధాలంటే ఇష్టం లేదు.” వదిన అందులో మాట మార్చమంటే మార్చండి.