33 ఏండ్లకు, ఇద్దరు పిల్లలతోని నర్సింగ్‌ల చేరొచ్చా?

జమ్మికుంట నుంచి ఒక చెల్లె అడిగింది: వయసు 33, ఇంటర్ సీఈసీ, బట్టల షాపుల పని, ఇద్దరు పిల్లలు, ఇప్పుడు నర్సింగ్ చదివితే అయితదా, అత్తమ్మ అయితే వద్దంటుంది అని.

అయితది చెల్లె. కానీ ఆలోచించుకుంట కూసునే టైం నీకు లేదు. జీఎన్ఎం అంటే ఇంటర్ అయినంక చదివే మూడేండ్ల నర్సింగ్ డిప్లొమా, దానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన వయసు 17 నుంచి 35 దాకా, ఏ తారీఖు నాటికి లెక్కకడ్తరో ఆ ఏడు నోటిఫికేషన్‌ల చూడాలె, ఒకటి రెండేండ్లు ఆగుదాం అనుకుంటే తలుపు మూసినట్టే. చదువుకు వయసేంది అని ధైర్యం చెప్పేటోళ్లు చానమంది ఉంటరు, వాళ్లకు ఈ నిబంధన తెల్వదు. సీఈసీ అని రంది పడకు, జీఎన్ఎంకు ఏ గ్రూపైనా నడుస్తది, బీఎస్సీ నర్సింగ్‌కే బైపీసీ కావాలె.

నేను నీ వయసుకు అటూ ఇటుగనే చేరిన. అంతకుముందు హన్మకొండల ఒక ప్రైవేటు బడిల టీచర్‌ని. మా నాయినకు పక్షవాతం వచ్చి మంచంల పడ్డప్పుడు ట్యూబుల నుంచి పాలు పోసుడు, పుండ్లు పడకుండ పక్కకు తిప్పుడు అన్నీ నేనే చేసిన, అప్పుడు ఈ పని మీద మనసు పడ్డది.

చదువు గురించి అందరు భయపెడ్తరు గానీ అది వస్తది. ఫస్టియర్ల అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ కొంచెం గట్టిగ ఉంటయి, సైన్స్ చదవనోళ్లకు ఇంకింత గట్టిగ. నాకైతే లెక్కలంటే గుబులుండె. ఒక రాత్రి సీనియర్ సిస్టర్ సెలైన్ స్టాండ్ కాడ నిలవెట్టి చెప్పింది, సెలైన్ పైపు సెట్టు మీద 20 అని ఉంటే ఒక ఎంఎల్‌కు 20 చుక్కలు, 500 ఎంఎల్ 4 గంటలల్ల పోవాల్నంటే 500ను 20తోని గుణించి 240 నిమిషాలతోని భాగించు, నిమిషానికి 42 చుక్కలు వస్తయి, ఇగ గడియారం చూసుకుంట చుక్కలు లెక్కవెట్టు అని. బోర్డు మీద పది సార్లు చెప్పినా ఎక్కనిది మంచం పక్కన ఒక్కసారికి ఎక్కింది. షాపుల గజాలు, డిస్కౌంట్లు నోటితోని లెక్కగట్టేదానివి, నీకు ఇదెంత.

అసలు కష్టం నైట్ డ్యూటీ. నువ్వు ముందుగాల తేల్చుకోవాల్సింది ఇదే, ఫీజు కంటె ముందు. రాత్రంత నిలవడి పొద్దుగాల ఇంటికొస్తే పిల్లలకు బడి టైం అయి ఉంటది, టిఫిన్ బాక్సు ఎవరు కట్టాలె, జడ ఎవరు వెయ్యాలె, నువ్వు పండుకున్నప్పుడు తలుపు కొట్టకుండ ఎవరు చూడాలె? మా ఆయన మొదట్ల సరే సరే అన్నడు, నిజంగ నైట్లు మొదలైనంక ఇంట్ల లొల్లి అయింది, మా చిన్నమ్మ వచ్చి కొన్నాళ్లు మా ఇంట్లనే ఉన్నది కాబట్టి గడిచింది. నీకట్ల ఎవరున్నరు? మీ అత్తమ్మ వద్దంటుందంటే నర్సు పని మీద చిన్నచూపా, లేకపోతె పిల్లల భారం తన మీద పడ్తదన్న భయమా, కూసుండవెట్టి అడుగు. రెండోదైతే ఆమె భయం నిజమే, ఆమెతోని కలిసే దానికి తొవ్వ వెతకాలె.

వయసు మనకు ఎక్కడ పనికొస్తదో కూడ చెప్త. వరంగల్ దిక్కు పత్తి చేన్లు ఎక్కువ, వానకాలం వచ్చిందంటే పాము కరిచినోళ్లు, చేన్ల మందు కొట్టుకుంట విషం సోకినోళ్లు పెద్ద దవఖానకు వస్తరు. చేన్ల మందు విషం సోకినోళ్లకు దాని విరుగుడు అట్రోపిన్ పెట్టినంక కంటిపాప ఎట్లున్నది, నోట్ల నురగ తగ్గిందా, నాడి ఎంత కొడ్తున్నది అని మాటిమాటికి చూసి చార్టుల రాయాలె, అది నేర్చుకుంటే ఎవరికైనా వస్తది. కానీ పక్కన కూసున్న ఆ మనిషి పెండ్లాం ఉంటది చూడు, అన్నం తినదు, నీళ్లు తాగదు, ఎవరన్న పలకరిస్తే చాలు ఏడుస్తది. ఆమె పక్కన కూసోని, వదినా, ఈ చాయ్ తాగు, నేను చూస్తున్న గదా అన్నప్పుడు మన మాట నమ్ముతది, మనం సంసారం చూసినోళ్లమని ఆమెకు తెలుస్తది. 20 ఏండ్ల పిల్లలు కూడ మంచిగనే చూసుకుంటరు, కానీ ఈ ఒక్క కాడ మన తర్వాతనే. ఆ పిల్లలే నీకు సీనియర్లు అయి పని చెప్తరు, పేరుపెట్టి పిలుస్తరు, మనసుల పెట్టుకోకు.

మూడేండ్లు అయినంక తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ల రిజిస్ట్రేషన్. చిన్న ప్రైవేటు దవఖానలల్ల మొదటి జీతం తక్కువ, షాపు జీతానికి పెద్ద తేడా కనవడదు, దీనికి మనసు గట్టిచేసుకో. ముందుకు పోవాల్నంటే జీఎన్ఎం చేసినోళ్లు చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ రెండేండ్లు ఉన్నది. సర్కారు కొలువుకు వయసు దాటిపోతదని భయపడకు, 2024ల తెలంగాణ సర్కారు దవఖానల కొలువులు నింపే మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు 46 ఏండ్ల దాకా పెట్టింది, రాత పరీక్షకు 80 మార్కులు, సర్కారు దవఖానలల్ల కాంట్రాక్టు మీద చేసిన సర్వీసుకు 20. కాబట్టి కాంట్రాక్టు పోస్టు దొరికితే చిన్నదని ఇడిచిపెట్టకు.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న. ఆరు నెలల నర్సింగ్, ఇంటి కాడ ఉండి నర్సింగ్ అని పాంప్లెట్లు పంచుతరు, ఆ సర్టిఫికెట్‌తోని కౌన్సిల్ల రిజిస్ట్రేషన్ కాదు, దూరవిద్యల జీఎన్ఎం అనేదే లేదు. మా వాడకట్టులనే ఒకామె పుస్తెల తాడు కుదవవెట్టి ఫీజు కట్టింది, ఇప్పుడు ఆయా పని చేస్తుంది, తలుచుకుంటే కడుపు తరుక్కపోతది. కాలేజీ పేరు కౌన్సిల్ లిస్టుల ఉన్నదా, వాళ్లు క్లినికల్ పోస్టింగ్‌కు, అంటే పేషెంట్ల కాడ పని నేర్చుకునే దానికి, ఏ దవఖానకు తోల్తరు, ఈ రెండు తెల్సుకున్నంకనే పైసలు కట్టు.

ఈ వారంలనే ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకో, మీసేవల కులం, ఆదాయం సర్టిఫికెట్లకు అప్లై చెయ్యి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదా రాదా కాలేజీలనే అడుగు. నైట్ డ్యూటీ సంగతి ఇంట్ల మాట్లాడినంక ఏమన్నరో ఇక్కడ్నే రాయి, చూస్త.