పెద్దవాళ్ళూ కుర్రాళ్ళూ కలిసే కార్యక్రమం మూడో వారానికే ఎందుకు చల్లబడుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వారానికోసారి పదిహేనుమంది కాలేజీ పిల్లల్నీ, అరవై దాటిన పదిహేనుమందినీ ఒక హాల్లో కలిపారు. మొదటి వారం పరిచయాలు, రెండో వారం పాటలు, ఆటలు. మూడో వారం పెద్దవాళ్ళలో సగం మంది రాలేదు. వచ్చిన కుర్రాళ్ళేమో ఒక మూల చేరి ఫోన్లు చూసుకున్నారు. ఎక్కడ తేడా కొట్టింది?

మనుషుల్ని పిలిచారు గానీ వాళ్ళకి చెయ్యడానికి పని ఇవ్వలేదు. పాటల కార్యక్రమంలో ఒకళ్ళు పాడేవాళ్ళు, ఇంకొకళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. రెండుసార్లు చప్పట్లు కొట్టాక మూడోసారి ఎవరికైనా మోకాళ్ళ నొప్పులు గుర్తొస్తాయి. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే, రెండు వర్గాల మధ్య అపోహలు పోవాలంటే ఊరికే కలిస్తే చాలదన్నాడు. ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, కలిసి పనిచెయ్యాలి, వెనక ఒక సంస్థ అండ ఉండాలి. మీకు నాలుగోది ఒక్కటే ఉంది.

అమెరికాలోని బాల్టిమోర్‌లో నడిచిన ఎక్స్‌పీరియన్స్ కోర్ అనే కార్యక్రమం చూడండి. అందులో అరవై దాటినవాళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో వారానికి 15 గంటలు పనిచేశారు, పిల్లలకి చదవడం నేర్పడం లాంటివి. వాళ్ళు రాకపోతే ఆ రోజు ఒక పని ఆగుతుంది. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్‌లో ఒక వృద్ధాశ్రమం విద్యార్థులకి అద్దె లేకుండా గది ఇస్తుంది. బదులుగా వాళ్ళు నెలకి 30 గంటలు మంచి పొరుగువాళ్ళుగా మెలగాలి. రెండుచోట్లా లెక్క తేటగా ఉంది: ఎవరు ఏమిస్తారో, ఎన్ని గంటలో.

కాబట్టి అటు పదిహేనుమంది, ఇటు పదిహేనుమందితో మళ్ళీ మొదలుపెట్టకండి. ఎనిమిది జంటలు చాలు, ఇద్దరు కుర్రాళ్ళు అదనంగా. ఆ ఇద్దరూ ఎందుకంటే, జంటలో కుర్రాడు రాని రోజు ఆ పెద్దాయన ఒంటరిగా కుర్చీలో కూర్చుంటాడు. ఆ ఒక్క గంటతో ఆయన రావడం మానేస్తాడు. జంట మారకూడదు. ప్రతి వారం కొత్త మొహం వస్తే ప్రతి వారం పేరు, ఊరు, చేసిన ఉద్యోగం దగ్గరే ఆగిపోతారు.

ఎనిమిది వారాలు, ప్రతి వారం అదే రోజు, అదే సమయానికి, ప్రతిసారీ 75 నిమిషాలు. ఇందులో 10 నిమిషాలు కుదురుకోవడానికి, 45 పనికి, మిగతాది కబుర్లకి. చీకటి పడేలోగా ఇల్లు చేరేలా సమయం పెట్టండి. పరీక్షల తేదీలు ముందే చూసుకోండి. హాజరుకి మార్కులో సర్టిఫికెట్టో ఇస్తామని కుర్రాళ్ళని రప్పించడం నాకు నచ్చదు. గంటల లెక్క పూర్తయిన మర్నాడే మాయమవుతారు.

రెండు వర్గాలూ కలవకముందు కుర్రాళ్ళతో విడిగా ఒక గంట కూర్చోండి. అందరూ ఎగ్గొట్టేది దీన్నే. వాళ్ళకి ముఖ్యంగా చెప్పాల్సింది వినికిడి గురించి. వయసుతో ముందు తగ్గేది పై స్థాయి శబ్దాలు. అచ్చులు బాగానే వినిపిస్తాయి, స, శ, ఫ, త లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే ‘వినబడుతోంది కానీ అర్థం కావట్లేదు’ అంటారు. అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి, పైగా కోప్పడుతున్నట్టు ఉంటుంది. ఎదురుగా కూర్చుని, మొహం మీద వెలుతురు పడేలా, కాస్త నెమ్మదిగా మాట్లాడాలి. అర్థం కాకపోతే అదే వాక్యాన్ని గట్టిగా అనకుండా వేరే మాటల్లో చెప్పాలి. అడిగిన ప్రశ్నకి జవాబు కోసం మనసులో ఐదు లెక్కపెట్టాలి. కుర్రాళ్ళకి అన్నిటికంటే కష్టం ఇదే.

హాలు కూడా ఇక్కడే దెబ్బకొడుతుంది. ఎనిమిది జంటలు ఒకేసారి మాట్లాడితే వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్ళకి అంతా రొదే. బల్లల మధ్య కనీసం రెండు మీటర్లు వదలండి, సంగీతం కట్టేయండి, వీలైతే రెండు గదులు తీసుకోండి. అరవై ఏళ్ళ కంట్లో రెటీనాకి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. బల్ల మీదికి దీపం కావాలి, కిటికీకి ఎదురుగా పెద్దవాళ్ళని కూర్చోబెట్టకూడదు. కుర్చీలకి చేతులుండాలి. మరుగుదొడ్డి అదే అంతస్తులో ఉండాలి. లేకపోతే కొందరు కారణం చెప్పకుండానే మానేస్తారు.

పిలుపు సంగతి. అందర్నీ తాతయ్య, బామ్మ అనేయకండి. నలభై ఏళ్ళు ఇంజినీరుగా పనిచేసినావిడకి అది నచ్చకపోవచ్చు. ఏమని పిలవాలో మొదటి రోజే అడిగి, పేరు చీటీ మీద పెద్ద అక్షరాలతో అదే రాయండి.

ఇక పని. అందరూ ముందు ఎంచుకునేది ఫోన్ నేర్పడం. మంచిదే, కానీ ఒక్కటే ఉంటే మళ్ళీ గురువు ఒకడు, శిష్యుడు ఒకడు. 45 నిమిషాల్లో సగం ఫోన్, మిగతా సగం పెద్దవాళ్ళు నేర్పేది: గుండీ కుట్టడం, ఇంటి లెక్క రాయడం, సైకిల్ పంక్చర్ వెయ్యడం, పాత దస్తావేజు చదవడం, ఎవరికి ఏది వస్తే అది.

ఫోన్ దగ్గర ఒకే నియమం: ఫోన్ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. కుర్రాడు లాక్కుని నాలుగు సెకన్లలో చేసిచ్చేస్తే ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. ‘నేను నొక్కితే ఏదేదో వస్తోంది’ అనేది మామూలు ఫిర్యాదు. చాలామంది తెరని కాలింగ్ బెల్‌లా నొక్కిపట్టుకుంటారు, ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని వేరే మెనూ తెరుస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి టచ్ అండ్ హోల్డ్ డిలే అనేదాన్ని లాంగ్ అని మార్చండి. సగం గొడవ తీరుతుంది. రోజుకి ఒకే పని నేర్పాలి. మెట్లు పెద్దవాళ్ళే సొంత దస్తూరీతో పుస్తకంలో రాసుకోవాలి, కుర్రాడు రాసిస్తే ఇంట్లో అర్థం కాదు. బ్యాంకు యాప్, ఓటీపీ, పాస్‌వర్డ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. తర్వాత డబ్బు తేడా వస్తే అనుమానం ముందు ఆ కుర్రాడి మీదికే వస్తుంది.

నాలుగో వారం నుంచి జ్ఞాపకాలు రికార్డు చెయ్యడం మొదలుపెట్టవచ్చు, అంతకు ముందు కాదు. ‘మీ చిన్నతనం గురించి చెప్పండి’ అంటే రెండు వాక్యాలొస్తాయి. ‘పదేళ్ళప్పుడు మీరు పడుకునే చోటు నుంచి ఏం కనబడేది?’ అంటే ఆగకుండా వస్తుంది. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, నోటికి ఒక జానెడు దూరంలో, మెత్తటి గుడ్డ మీద పెట్టి, ముందు నిమిషం పాటు రికార్డు చేసి విని చూడండి. అనుమతి కాగితం మీద తీసుకోండి. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అందులో ఉండాలి. కన్నీళ్ళొస్తే కుర్రాడు కంగారుపడి విషయం మార్చేస్తాడు. రికార్డింగ్ ఆపి ఊరికే కూర్చోవడం చాలని ముందే చెప్పి ఉంచండి.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ జంటకి అరగంట చాలు. తప్పు చెబితే దిద్దొద్దు. ‘నేనెవరో గుర్తుందా?’ అని అసలు అడగొద్దు, ప్రతిసారీ ‘నేను ఫలానా’ అని కుర్రాడే చెప్పుకోవాలి.

పద్దెనిమిది నిండని పిల్లలుంటే తల్లిదండ్రుల అంగీకారం రాతపూర్వకంగా కావాలి. ఏ జంటా తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. డబ్బు, కానుకలు ఇచ్చిపుచ్చుకోకూడదు. ఇవి ఎవరినీ అనుమానించడానికి కాదని చెప్పి, ఈ నియమాలు అందరి ముందూ ఒకసారి చదివేస్తే ఇబ్బంది ఉండదు.

ఆఖరి రోజు తేదీ మొదటి రోజే చెప్పండి. చెప్పకుండా ఆపేస్తే పెద్దవాళ్ళు ఆ తర్వాతి వారం కూడా తయారై వచ్చి తాళం చూసి వెళతారు. మధ్యలో ఎవరైనా చనిపోతే ఆ జంటలోని కుర్రాడికి గ్రూపులో మెసేజ్ పెట్టకుండా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి, అంత్యక్రియలకి వెళ్ళాలనుందేమో అడగండి. ఏడో వారంలో ప్రతి ఒక్కరినీ విడివిడిగా ఒకటే అడగండి: తర్వాతి విడతలో ఈ మనిషితోనే కూర్చుంటారా, వేరేవాళ్ళు కావాలా? రెండో విడత జంటలు ఆ జవాబుల్ని బట్టి కట్టండి.