రేగడి నేలలో కాంక్రీట్ షూటింగ్ బెంచ్ ఊగితే (సమాధానం)

అన్నా, ధర్మాబాద్‌లో పెరట్లో ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్‌కు మీరు పోయించిన బెంచ్ వానలకు ఒరిగి, కుడి మోచేయి ఆనే చోట పైన పగిలిందన్నారు. ఇవి రెండు వేర్వేరు తప్పులు.

ఒరగడానికి కారణం నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే లోతైన నెర్రెలు ఇస్తుంది. మూడు కాళ్లూ విడివిడి గుంతల్లో ఉంటే ఒక్కోటి ఒక్కోలా కదులుతుంది. 3 అడుగులు తవ్వి రేగడి తీసేయండి. 6 అంగుళాలకో వరస మొరం పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టండి. ఇసుక నింపకండి, అందులో నీళ్లు నిలుస్తాయి. పైన కాళ్లన్నిటికీ కలిపి 6 అంగుళాల మందం ఒకే బెడ్, 8 ఎంఎం చువ్వల జాలీతో పోయండి.

పగులు సంగతి ముఖ్యం. మోచేయి ఆనే చోటులా బెంచ్ కాలు దాటి బయటికొచ్చిన పలక భాగం మీద బరువు పడితే, లాగుడు పైముఖంలో ఉంటుంది. మేస్త్రీ చువ్వలు అడుగున వేశాడు, అందుకే కాలి అంచు దగ్గర పైన విచ్చింది. అక్కడ 8 ఎంఎం చువ్వలు 6 అంగుళాల ఎడంతో, పైనుంచి ముప్పావు అంగుళం కిందికి ఉండాలి, కాలు దాటి లోపలికి కనీసం రెండడుగులు పోవాలి.

4×3 అడుగుల పలక, 4 అంగుళాల మందానికి ఒక బస్తా సిమెంట్ సరిపోతుంది: సిమెంట్, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లు, 25 లీటర్ల నీళ్లు. జారుగా కావాలని మేస్త్రీ ఇంకో బకెట్ పోస్తే ఒప్పుకోవద్దు. పలక 280 కిలోల దాకా తూగుతుంది, అక్కడే పోయండి. 10 రోజులు తడి గోనెలు కప్పండి, సెంట్రింగ్ 14 రోజులు కదపకండి.