ఫైటర్ చేపకి తోడు కొనేముందు

చి. అమ్మలుకు పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు నీలం రంగు ఫైటర్‌ని కొన్నావనీ, దానికి తోడుగా ఇంకా నాలుగు రకాలు వేస్తానంటున్నావనీ మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. "పెద్దనాన్నని అడిగి కొంటా" అన్నావంట. ఆ ఒక్క మాటకి నాకెంత సంతోషం వేసిందో. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, ఎందుకంటే ఆదివారమే షాపుకి పోతావంట. పోయేలోపల ఇది పూర్తిగా చదువు.

అడుగు పొడవు తొట్టి అన్నాడు. వెడల్పు, ఎత్తు ఎనిమిదేసి అంగుళాలైతే అందులో పట్టేది దాదాపు 12 లీటర్లు. మీ ఇంటికొచ్చే మంచినీళ్ళ క్యాన్ 20 లీటర్లు. క్యాన్‌లో నీళ్ళు కూడా పట్టని తొట్టిలో ఫైటర్ ఒక్కటే ఉండాలి. ఒంటరిదైపోయిందని దిగులు పడొద్దు. థాయిలాండ్ వైపు వరి మళ్ళల్లో, లోతు లేని గుంటల్లో ఒక్కో మగది తన జాగా పట్టుకుని బతికే జాతి అది. ఆ దేశం 2019లో దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది కూడా. దానికి తోడు కావాలనేది మన కోరికే గానీ దాని కోరిక కాదు.

మూత తప్పకుండా పెట్టు, అది ఎగిరి దూకుతుంది. మున్సిపల్ నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే మందు కలుపు. మేత చిటికెడు చాలు.

ఇప్పుడు మీ నాన్న సంగతి చెప్తాను. నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. నువ్వు పుట్టకముందు, మేమంతా కావలిలో ఉన్నప్పుడు, వాడూ ఇట్లాంటి చిన్న తొట్టే కొన్నాడు. షాపతను ఏది చూపిస్తే అది తెచ్చాడు: ఒక ఎర్ర ఫైటర్, తోక పెద్దగా ఉండే మగ గప్పీలు, రెండు గోల్డ్ ఫిష్, "తొట్టి శుభ్రం చేస్తుంది" అని ఒక సక్కర్. వారం తిరక్కుండానే తెల్లారేసరికి ఒక గప్పీ తేలింది. మర్నాడు ఇంకోటి. వాటి తోకలు చిరిగి ఉన్నాయి కాబట్టి ఫైటరే చంపిందని అందరం అనుకున్నాం. ఫైటర్‌కి తోక పెద్దగా, రంగుగా ఏది కనిపించినా ఇంకో మగ ఫైటర్ అనిపిస్తుంది, కొరికిన మాట నిజమే. మీ నాన్న కోపంతో దాన్ని తీసి సీసాలో వేశాడు. కొత్త గప్పీలు తెచ్చాడు. అవీ పోయాయి. ఫైటర్ లేకుండానే పోయాయి!

నేనప్పుడు మైపాడు దగ్గర రొయ్యల చెరువులు చూస్తున్నా. చేపల మలినం నుంచి నీళ్ళలో పుట్టే విషం అమోనియా. అది ఎంతుందో చూడ్డానికి చెరువుకి వాడే కిట్ ఇంటికి తెచ్చాను. గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు తీసి మందు చుక్కలు వేస్తే, పసుప్పచ్చగా ఉండాల్సింది ముదురు ఆకుపచ్చకి తిరిగింది, అంటే అమోనియా బాగా ఎక్కువుంది. గోల్డ్ ఫిష్ వేసే మలినం అంతా ఇంతా కాదు. మిగిలిన మేత అడుగున కుళ్ళుతోంది. ఆ మలినాన్ని విరగ్గొట్టే బాక్టీరియా కొత్త ఫిల్టర్‌లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వాడు ఒక్కరోజులో అన్నీ వేసేశాడు. పైగా ఎండాకాలం. ఉప్పుజాడ ఉన్న బోరు నీళ్ళలో పీహెచ్ ఎక్కువ. వేడి, పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమోనియా ఇంకా విషంగా మారుతుంది. రాత్రి కరెంటు పోయి గాలి పంపు ఆగిపోతే, తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. చెరువులో రొయ్యలు పైకి తేలేదీ ఆ వేళకే.

మరి ఫైటర్ ఎందుకు బతికింది? కొర్రమీను బకెట్లో ఎంతసేపు బతికి ఉంటుందో నువ్వు చూశావుగా. అట్లాగే ఫైటర్ కూడా పైకొచ్చి బయటి గాలి పీల్చుకుంటుంది, తలలో అందుకు వేరే అవయవం ఉంది. నీళ్ళలో ఆక్సిజన్ లేకపోయినా అది గుక్క తిప్పుకుంటుంది. గప్పీలకి అట్లాంటి అవయవం లేదు. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో: ఫైటర్ కులాసాగా ఉంది కదా అని నీళ్ళు బాగున్నాయనుకోకు. నీళ్ళ సంగతి చెప్పేది తోటి చేపలే, చచ్చిపోయి చెప్తాయి. మీ నాన్న ఆ రోజు తొట్టి ముందు కూర్చుని ఏడ్చాడు. నువ్వట్లా ఏడవడం నేను చూడలేను.

తోడు కావాల్సిందే అంటే రెండడుగుల తొట్టి తీసుకో. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే 50 లీటర్ల పైన పడతాయి. డబ్బు నేనిస్తాను. స్పాంజ్ ఫిల్టర్ పెట్టు, నీటి వేగం ఎక్కువైతే ఫైటర్ అలిసిపోతుంది. మొక్కలు దట్టంగా వెయ్యి. ఫిల్టర్‌లో ఆ బాక్టీరియా పెరిగి కుదురుకున్నాక ఎంబర్ టెట్రాలు ఎనిమిది వేసుకో. చిన్నవి, తోక పొట్టివి, ఎవరి జోలికీ పోవు. లేదా పిగ్మీ కోరీలనే చిన్న మీసాల చేపలు ఆరు, అడుగున మేత వెతుక్కునే వాటికి మెత్తటి ఇసుక ఉండాలి, పదునైన గులకరాళ్ళయితే మీసాలు దెబ్బతింటాయి. రెండిట్లో ఒక రకం చాలు. ఒకటి రెండు తెచ్చి వేస్తే బెదిరి మూలకి నక్కుతాయి, గుంపుగానే తేవాలి. ఒంగోలులో దొరక్కపోతే చెన్నై కొళత్తూరు నుంచి తెప్పిద్దాం. నత్త ఒకటి వేసుకోవచ్చు గానీ ఉత్త ఆర్వో నీళ్ళలో దాని గుల్ల పలచబడి గుంటలు పడుతుంది. చిన్న చెర్రీ రొయ్యలు వేస్తే పిల్లలన్నీ ఫైటర్ నోట్లోకే పోతాయి.

వద్దన్నవి వద్దే. ఇంకో ఫైటర్ వద్దు, ఆడవైనా వద్దు. గౌరామీలు దాని దాయాదులే, పోట్లాటే. టైగర్ బార్బ్‌లు దాని తోకని పీలికలు చేస్తాయి. గోల్డ్ ఫిష్‌కి చల్లటి నీళ్ళు కావాలి, ఫైటర్‌కి 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది, పెరిగాక చెరువులో వదిలితే అక్కడి చేపలకి ముప్పు. కాలువలో పరిగెలు పట్టి అస్సలు వెయ్యకు, ఏ పురుగు పట్టుకొస్తాయో తెలీదు.

ఈ చివరిది పెద్దనాన్న చాదస్తం అనుకున్నా సరే, చెయ్యాల్సిందే. కొత్త చేపల్ని నేరుగా తొట్టిలో వెయ్యకు. వేరే టబ్బులో మూడు వారాలు ఉంచి చూడు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి మన జిల్లాలో టైగర్ రొయ్య చెరువులు ఎట్లా ఖాళీ అయ్యాయో నేను గట్టు మీద నిలబడి చూశాను. ఒళ్ళు బాగున్నట్టే కనిపించే రొయ్య పిల్లతో పాటే రోగం లోపలికొస్తుంది. చేపలకొచ్చే తెల్లమచ్చ వేరు, అది పురుగు, మందుకి లొంగుతుంది. కానీ ఆ టబ్బు మీదే నా ప్రాణం ఉంటుంది.

వేసే రోజు ఫైటర్‌ని గిన్నెలోకి తీసి, మొక్కలు అటూ ఇటూ మార్చి, ముందు కొత్తవాటిని వదులు. అవి కుదుటపడ్డాక ఫైటర్‌ని వెయ్యి. తనది అనుకున్న జాగా మారిపోతే దాని పౌరుషం కొంత తగ్గుతుంది. అయినా వెంటపడి తరిమితే మర్యాదగా విడదియ్యి. ఒక్కో ఫైటర్‌ది ఒక్కో స్వభావం, కొన్నిటికి ఎవరూ పడరు. అందుకే ఆ టబ్బుని తీసెయ్యకు.

ఆదివారం షాపుకి పోయి చూడు, ఏమీ కొనకు. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి నాకు వాట్సాప్ చెయ్యి. ఆ పై వారం నేనే కిట్ తీసుకుని ఒంగోలు వస్తాను. నీళ్ళు ఎట్లా పరీక్షించాలో నీ చేతే చేయిస్తాను. మీ నాన్నని కూడా పక్కన కూర్చోమని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దనాన్న