పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కుతుందా?

2013 నాటి కోర్ ఐ3 ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వేసుకోవచ్చా అని అడిగారు. అధికారికంగా కుదరదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు), ఇంటెల్ అయితే కనీసం 8వ తరం ప్రాసెసర్ ఉండాలంటుంది మైక్రోసాఫ్ట్. రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు ఆ తనిఖీలు తీసేయమని టిక్ పెడితే మాత్రం ఎక్కేస్తుంది. ఇంకా పాతదైన కోర్ 2 డుయో ప్రాసెసర్‌లో ఆ కిటుకూ పారదు. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌కి పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ ఆదేశం తప్పనిసరి. అది అందులో లేదు, అసలు బూటే అవ్వదు.

ఎక్కినా, పాత హార్డ్ డిస్క్ మీదైతే స్టార్ట్ మెనూ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు! ముందు హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించండి, ర్యామ్ 8 జీబీ చేయించండి. విండోస్ వేసేముందు ఫొటోలు వేరేచోట కాపీ చేసుకోవడం మర్చిపోకండి. యూట్యూబ్, బ్రౌజింగ్‌కే అయితే నేను విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తాను.